అచ్చు

దొండపర్తి షాపులో ఎర్ర సీటు చూసి
మనసు పారేసుకున్నది నేనే.
నల్ల అంచు, తెల్ల కుట్టు, పక్కన మీట లాగితే
సినిమాహాల్లోలా వెనక్కి వాలుతుంది.
పైడితల్లి దాని భుజం పట్టి ఒక్కసారి ఊపింది.
ఒకప్పుడు నూట పది కిలోలు నెత్తిమీదికెత్తిన చెయ్యి.
సీటు కిర్రుమంది.
"ఇది కూకోడానికే బాగుంటాది," అంది.
మరి సీటు ఇంకెందుకమ్మా, అన్నాడు షాపతను.

అసలుది కోయంబత్తూరు నుంచి రైలు పార్సిల్లో వచ్చింది.
గోనెపట్టా విప్పితే ఫైబర్ డొప్ప.
వాలదు, జరగదు, అందం లేదు.
వీపు మీది చీటీలో గడువు రెండేళ్ల కిందటే దాటింది.
ఎల్లాజీ మేస్త్రి రూపాయి బిళ్లతో
సంతలో కుండ కొట్టి చూసినట్టు
అంగుళం అంగుళం కొట్టి విన్నాడు.
"పగుల్లేదు. చీటీ సంగతి మీరూ, ట్రాకోళ్లూ తేల్చుకోండి."

గాజువాక ఆటోనగర్. ఆదివారం.
మా జెన్ పాత సీటుకి నాలుగు బోల్టులు.
మూడు వచ్చాయి. నాలుగోదాన్ని సముద్రం తినేసింది.
రాత్రంతా కిరసనాయిలు తాగించి
పొద్దున్నే పొడుగు పైపు తగిలిస్తే
తల తెగి పడింది.
కింద భీమిలి ఇసక, వేరుశనగ తొక్కలు,
మాకంటే ముందెవరి పాపదో జడ క్లిప్పు.
మేస్త్రి స్క్రూడ్రైవర్‌తో అడుగు రేకు పొడిచాడు.
అది దిగబడిపోయి, నేల మీది చీమల బారులో తేలింది.
ముప్ఫయ్యేళ్లు షిప్‌యార్డులో ఓడల అడుగులు అతికినవాడు
నవ్వలేదు.
"ఓడకైతే నీళ్లు లోపలికొస్తాయి.
దీనికి మనిషి బయటికెల్తాడు. అంతే తేడా."
తుప్పు కోసి, కొత్త రేకు అతికి,
కింద అరచెయ్యంత ఉక్కు పలకలు పెట్టి బిగించాడు.

అప్పుడొచ్చింది చిక్కు.
కారు సగం పైడిది, సగం నాది.
సీటుని సగం చెయ్యలేం.
అది కూచుంటే, డొప్ప దాని భుజాల్ని
కొలిచి కుట్టిన చెప్పులా పట్టుకుంది.
హెల్మెట్‌కీ కప్పుకీ మధ్య సరిగ్గా పిడికిలి.
నేను కూచుంటే
డబ్బాలో మిగిలిన ఆఖరి జంతిక.

నాకలవాటేలే, అన్నాను.
పోర్టు క్రేన్ మీద పదేళ్లుగా
మగాళ్ల కొలతకి చేసిన సీట్లోనే
దిండేసుకుని కూచుంటున్నాను,
కాళ్ల కింద గాజు, గాజు కింద బొగ్గు ఓడ.
"దిండు జారిపోద్ది," అంది పైడి.
"మలుపులో స్టీరింగ్ పట్టుకుని ఏలాడతావు.
అదేటి, తిప్పడానికా, ఏలాడ్డానికా?"

సీట్లో పెద్ద చెత్తసంచి పరిచారు.
రెండు డబ్బాల మందు కలిపి అందులో పోశారు.
బెల్టులు బిగించుకుని దానిమీద కూచున్నాను,
చేతులు స్టీరింగ్ మీద, ఎడమ కాలు క్లచ్ మీద.
"పది నిమిషాలు. కదిలావా, చచ్చావే."
నురగ లేచింది.
నడుం కింద వెచ్చగా, తర్వాత పక్కటెముకల మీదికి
పులిసిన పిండి గిన్నె అంచు వెతుక్కున్నట్టు.
నా ఎడమ తుంటి కుడిదానికంటే పల్లమని
ఈ వయసులో తెలిసింది.
ముక్కు దురద.
ఎక్కడో షిఫ్టు కూత.
ఇంత ఓపిగ్గా నన్నెవరూ కొలవలేదు,
జాకెట్లు కుట్టే సుందరి కూడా.

అంచులు కోసి నల్ల టేపు చుట్టాం.

మొదటి వంతు పైడిది.
నా అచ్చు తీసి ఆయిల్ పీపా మీద పెట్టి
వెనక మట్టిరోడ్డు మీదికి పోనిచ్చింది,
మెల్లగా, ఏ బోల్టు మూలుగుతుందో వింటూ.
ఎండలో, తలా చేతులూ లేకుండా,
నేను లేచి వెళ్లిన చోటు
నాకంటే బాగా కూచుని
దానికోసం చూస్తోంది.
మేస్త్రి టీలు తెచ్చాడు.
నాకొకటి అందించి, రెండోది
ఆ అచ్చు ముందు పెట్టి,
ఒక క్షణం ఆగి,
మళ్లీ తీసుకున్నాడు.