తొడిమ బొగ్గు

బ్రాడీపేటలో మూతబడ్డ టిఫిన్ సెంటర్ నుంచి
పధ్నాలుగు వందలకి తెచ్చాం ఆ ఓవెన్ని.
తలుపు సందులో ఇంకా కొబ్బరి చట్నీ మరక.
మస్తాన్‌వలి రెండుసార్లు గట్టిగా తుడిచి
"ఇక ఇది సైన్సుదే మేడమ్" అన్నాడు.

ఫర్నేసులో అయితే ఆరు గంటలు.
మే నెల గుంటూరులో ఆరు గంటలు
ఆగకుండా కరెంటు ఎవడిస్తాడు?
ఇందులో నాలుగు నిమిషాలు చాలు:
చిటికెడు ఆకుపచ్చ నికెల్ లవణం, కాసిని నీళ్ళు,
యార్డు నుంచి గోనెసంచిలో మోసుకొచ్చిన
మిరప తొడిమలు కాల్చిన బొగ్గు.

మొదటిసారి తొడిమల్ని కడగలేదు నేను.
రెండో అంతస్తు మొత్తం దగ్గింది.
ప్రాక్టికల్స్ పిల్లలు బ్యూరెట్లు వదిలేసి
బాట్నీ వాళ్ళతో కలిసి మెట్లు దిగారు.
రికార్డులో నిజాయితీగా రాశాను:
ప్రయోగం ఒకటి. ఫలితం, దగ్గు.

పొయ్యి మీద వేడి
చట్టి అంచు పట్టుకుని మెల్లగా లోపలికి నడుస్తుంది.
ఇక్కడ అలా కాదు.
కంటికి కనపడని అల ఒకటి వచ్చి
ప్రతి నీటి అణువునీ భుజం పట్టుకుని
ఇటు తిరుగు, అటు తిరుగు అంటుంది
సెకనుకి రెండు వందల నలభై ఐదు కోట్ల సార్లు.
తిరిగి తిరిగి అది వేడెక్కుతుంది.
మంట ఉండదు.
కాలడం మాత్రం లోపల్నించే.

యార్డులో పట్టా మీద కూచుని
కిలో లెక్కన తొడిమలు తీసే నాగేంద్రమ్మకి
ఈ వింత చెప్పాను.
"నిప్పు లేకుండా మండటం వింతేముందమ్మా" అంది
తలెత్తకుండానే.
రాత్రిళ్ళు చేతులు మజ్జిగలో పెట్టుకుంటుందట.
మనవరాలిని మోచేతులతో ఎత్తుకుంటుందట.
ఎన్ని వాట్లని అడగబోయి
నోరు మూసుకున్నాను.

పదిహేడో ప్రయోగం కుదిరింది.
పసుప్పచ్చని ద్రావణంలో
ఆ నల్లపొడి చిటికెడు వేస్తే
మూడు నిమిషాల్లో పసుపు తేలిపోయింది,
గాజు అవతల మస్తాన్‌వలి చొక్కా గుండీలు కనిపించాయి.
అతను చప్పట్లు కొట్టాడు. నేను స్టాప్‌వాచ్ ఆపడం మరిచాను.

వడకట్టి, కడిగి, ఆరబెట్టి
మళ్ళీ అదే పొడి, మళ్ళీ కొత్త పసుపు.
ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది, తాను మారదు,
ఇంటర్లో బట్టీపట్టిన వాక్యం.
త్రాసుకి ఆ వాక్యం తెలియదు.
ఐదోసారికి రెండు మిల్లీగ్రాములు తక్కువ చూపించింది.
వడపోత కాగితం మీద వెతికాను, గరిట మీద వెతికాను,
ఓవెన్ తలుపు సందులో కూడా.

మర్నాడు సంచి కోసం వెళితే
నాగేంద్రమ్మ ఆలస్యంగా వచ్చింది.
రేషన్ షాపు యంత్రం
తన బొటనవేలిని గుర్తుపట్టలేదట.
కడిగి పెట్టిందట, చీరకొంగుకి తుడిచి పెట్టిందట,
వేలు మార్చి పెట్టిందట.

ఐదోసారికి ఒప్పుకుందట.