ఎదురు తిరిగిన బ్రష్షు

తుర్కు రేవు విడిచి ఆరున్నర గంటలైంది.
ఓలాండ్ దీవులు దాటాక ఓడ
నడుము కాస్త వదులు చేసుకుంటుంది.
డాన్సు హాలు ఖాళీ. అకార్డియన్ పెట్టెలో పడుకుంది.
కుర్చీలన్నీ బల్లలెక్కి కాళ్ళు పైకెత్తాయి.
ఇక తివాచీ, నేనూ, ఈ వాక్యూమ్ క్లీనరూ.

సరిగ్గా బార్ ముందుకి రాగానే బ్రష్షు ఆగిపోయింది.

మోటారు మోగుతూనే ఉంది. గాలి లాగుతూనే ఉంది.
లాగుతోంది గానీ నమలడం లేదు.
కట్టుడు పళ్ళు గ్లాసులో మరిచిపోయి వచ్చిన మా మేనత్త హిల్లెవి
రై రొట్టె అంచుని ఇటూ అటూ తిప్పినట్టు
ఒకే ఒక్క చెమ్కీని తివాచీ మీద ఇటూ అటూ తిప్పుతోంది.
తర్వాత కాలిన రబ్బరు వాసన.

ప్లగ్గు పీకి ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను.
ఇరవై రెండేళ్ళ కింద, నా మొదటి చలికాలంలో,
సిర్కా అనే పిల్ల ఆ పని మరిచిపోయి
గోరు పోగొట్టుకుంది.

యంత్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు మరలు విప్పి
వంటగది నుంచి చేపల కత్తి తెచ్చుకున్నాను.
రోలరు కనిపించలేదు. జడ కనిపించింది.
వెంట్రుకలు, వెంట్రుకల మీద వెంట్రుకలు,
మధ్యలో బెలూను రిబ్బను,
ఎవరి స్వెటరు నుంచో ఊడిన ఆకుపచ్చ ఊలు.
హెర్రింగు పొట్ట చీల్చినట్టు పొడుగ్గా ఒక్క గాటు పెట్టాను.
విడిపోయింది. ఊడి రాలేదు.
రెండు కొసల్లోనూ, ఇరుసు దగ్గర,
వేళ్ళు దూరని చోట ఉంటుంది అసలు బిగింపు.
అక్కడ కత్తి పనికిరాదు. ఓపిక కావాలి,
ఒక హెయిర్‌పిన్నూ కావాలి.

టాంగో ఆడుతూ ఒకరి భుజం మీద ఒకరు తలవాల్చి
ఒక్క మాటా మాట్లాడుకోని వాళ్ళంతా
(మా వాళ్ళకి టాంగో అంటే మాట్లాడకుండా ఉండే వీలు)
ఇక్కడ పేనుకుపోయి ఉన్నారు.
నెరిసినవి, నల్లరంగు వేసినవి, సగం వేసి మానేసినవి.
ఒక రాగి పోగు పట్టి లాగాను. వస్తూనే ఉంది.
నాదే.
మూడేళ్ళ కిందట రెండు నెలలు ఆ రంగులో ఉన్నాను.
ఈ నేల మీద నేనొక్క అడుగూ ఆడలేదు,
వంగానంతే.

బెల్టు సాగి, ఒక పక్క నున్నగా మాడింది.
స్టోరులో ఇంకోటి లేదు. "గురువారం వస్తుంది" అని కాగితం ఉంది,
ఏ గురువారమో లేదు.
ఫోను చేస్తే ఇంజిన్ గది నుంచి తైస్తో వచ్చాడు,
కళ్ళలో నిద్ర, చేతిలో ఏదో పాత యంత్రం బెల్టు.
"నలభై వేల గుర్రాల ఇంజిన్లు చూసేవాణ్ణి" అన్నాడు,
"ఇదెంత!"
తొడిగాడు. మూత బిగించాం. ప్లగ్గు పెట్టాను.

తిరిగింది!
తిరిగిందంటే, ఎదురు తిరిగింది.
బెల్టు ఎనిమిదంకెలా మెలిపడిందని మాకేం తెలుసు?
మింగాల్సిందంతా ముందుకి ఉమ్మింది.
చెమ్కీలు, వేరుశనగ పొట్టు, చించేసిన లాటరీ టికెట్ల ముక్కలు,
అన్నీ పోయి తైస్తో నూనె బూట్ల మీద పడ్డాయి.
ఇన్నేళ్ళూ కిక్కురుమనకుండా తిన్నది
ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది.

నేను నవ్వాను, గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని.
తైస్తో నవ్వలేదు. బూట్లకేసి చూసుకున్నాడు.
మెరుస్తున్న ఎడమ కాలు ఒకడుగు ముందుకి వేశాడు,
కుడికాలు పక్కకి జరిపి, దగ్గరికి చేర్చాడు.
ఓడ కొద్దిగా వాలింది.
చెయ్యి చాచాడు. నేను వద్దనలేదు.

తర్వాతే మెలిక తీసి బెల్టు మళ్ళీ తొడిగాం.
ఈసారి బ్రష్షు బుద్ధిగా లోపలికి తిరిగింది.
లాగ్ పుస్తకంలో రాశాను:
"డాన్సు హాలు. వెంట్రుకలు తీశాం. బెల్టు మార్చాం."
పొద్దున ఇంజిన్ గది మెట్ల మీద
ఎవరో చెమ్కీలు ఊడ్చారట.
అవెలా వచ్చాయో నన్నెవరూ అడగలేదు.