నలభై మూడు దగ్గర ఆగాను

ముప్పై ఏళ్లుగా నా ఉద్యోగం
వ్యాగన్ల పక్కన నడుస్తూ ఒంటి మీది అంకెలు రాసుకోవడం.
బెజవాడ యార్డులో, రాత్రిపూట,
టార్చి వెలుగు ఎంత పడితే అంతే ప్రపంచం.

ఒకటి సున్నా సున్నా తొమ్మిది
సున్నా ఆరు
నాలుగు ఒకటి ఐదు ఐదు
ఏడు.

మొదటిసారి చూసినప్పుడు దానికింకా రంగు వాసన పోలేదు.
నిండా బొగ్గు. కొండపల్లి వైపు లైను ఖాళీ లేదు.
మొదటి రెండంకెలు జాతి, తర్వాతి రెండు ఇంటిపేరు,
ఆపైన పుట్టిన ఏడు, వరస.
చివరి ఏడు మాత్రం తన సంగతేమీ చెప్పదు.
సరిస్థానాలవి కూడితే ఇరవై ఒకటి, మూడింతలు అరవై మూడు,
మిగతావి పది. మొత్తం డెబ్బై మూడు.
ఎనభైకి ఏడు తక్కువ.
ఆ తక్కువే అది.
ముందున్న పదీ అబద్ధమాడకుండా
వాకిట్లో కూర్చున్న ముసలమ్మ.

ఏకంగా చదివితే
వెయ్యిన్నీ తొమ్మిది కోట్ల ఆరు లక్షల
నలభై ఒక్క వేల ఐదు వందల యాభై ఏడు.
అంత డబ్బు నాకెవరూ చూపించలేదు. సంఖ్యనైతే చూశాను.

బేసి. అంకెలు కూడితే ముప్పై ఎనిమిది, మూడుతో పోదు.
ఏడుతో శేషం మూడు. పదకొండుతో ఏడు. పదమూడుతో తొమ్మిది.
ముప్పై ఏడు దగ్గర ఆశ పుట్టింది, మళ్లీ మూడే మిగిలింది.
నలభై మూడుతో ముప్పై ఒకటి మిగలగానే
సిగ్నలు పడింది.
ప్రధాన సంఖ్యేమో అనుకుంటూ
చివరి పెట్టె ఎర్రదీపం పోయేదాకా నిలబడ్డాను.

"ఇంటికెళ్లి కాయితం మీద చేసుకోరాదూ" అన్నాడు కమ్రుద్దీన్.
కుదరదు.
మనిషి ఎదుట లేనప్పుడు లోపలేముందో విప్పి చూడటం
మర్యాదేనా?

పదిహేనేళ్లు.
రాసే పనిని కూడా యంత్రం తీసుకుంది.
నలభై మూడు మాత్రం మడతపెట్టిన పేజీలా ఉండిపోయింది.

బుడమేరు ఊరి మీద పడిన వారం,
రాయనపాడు పట్టాలు నీళ్ల కింద. కదలని బళ్లలో
ఎనిమిదో లైను, వెనక నుంచి పద్నాలుగోది.
తుప్పు. అంకెల మీద ఎవరో సుద్దతో 'సిక్' అని రాసి
సుద్ద అక్కడే వదిలేసిపోయారు.
తుడిచి చూస్తే, అదే.

ఈసారి ఇద్దరికీ తొందర లేదు.
నలభై ఏడుతో పది మిగిలింది.
యాభై మూడుతో పద్దెనిమిది.
యాభై తొమ్మిదికి దాని తలుపు మీదే లెక్క వేశాను,
దించుకుంటూ దించుకుంటూ వస్తే
అడుగున సున్నా.

మళ్లీ చేశాను. సున్నా.

సర్వీసు పుస్తకంలో నా వయసూ అంతే.
దానికి అర్థం పెట్టను.
బొగ్గుకేం తెలుసు నా పుట్టినరోజు?

ప్రధానం కాదు. విడిపోయేదే.
తన భాజకాలన్నీ పోగేసినా తనంత కాలేనిది.
వాటిని మా లెక్కల మాస్టారు న్యూన సంఖ్యలనేవారు,
ఎవరినో కించపరిచినట్టుండేది.
రెండో ముక్క పదిహేడు కోట్ల పైచిలుకు,
అది ఇంకా విడుతుందో లేదో.
మళ్లీ యాభై తొమ్మిది వేశాను, ముప్పై తొమ్మిది మిగిలింది.

తర్వాత అరవై ఒకటి.
అరవై నిండగానే నన్ను ఇంటికి పంపేస్తారు.

ఇంజను కూతేసింది.
ఎవరిదో సుద్ద. జేబులో వేసుకున్నాను.