గోడకు మ్యాచింగ్

పద్దెనిమిదేండ్ల సంది మ్యాచింగ్ సెంటర్ నాది,
శివనగర్ల, మందుల దుకాణం పక్క మడిగె.
కొంగు చూపిస్తె చాలు
జాకిటి ముక్క కండ్లు మూసి తీస్త.
నెమలికంఠంల ఎన్ని రకాలున్నయో
ఎవలన్న అడుగుండ్రి, చెప్త.

అసొంటిదాన్ని
ముందరర్ర గోడ కాడ ఓడిపోయిన.

మొన్నటి వాన కాదు, అంతకు ముందటిది.
పట్టాల అవతలి నీళ్ళన్నీ ఇవతలికొచ్చి
నా బొడ్డు దాక నిలబడ్డయి ఇంట్ల.
రెండు దినాలుండి
పోతపోత గోడ మీద ఒక గీత పెట్టి పోయినయి,
చాయ మరక రంగు,
స్కేలు ఆనిచ్చి కొట్టినట్టు.

దాన్ని చూస్త ఉండలేకపోయిన.
దసరకు ఆయిల్ పెయింట్ తెచ్చి నేనే పూసిన.
మెరిసింది.
దీపావళికి అమ్మోరు పోసినట్టు పొక్కులు.
గోటితోని గిల్లితె లోపట నీళ్ళు.

యాకమ్మను పిలిపిచ్చిన.
సున్నం కాలం సంది గోడలెరిగిన మనిషి,
మోచేతుల దాక
కరీమాబాద్ ఇండ్లన్నీ చుక్కలు చుక్కలుగ.
గోడకు చెంప ఆనిచ్చి విన్నది.
"ఇంకా ఏడుస్తనే ఉన్నది గదనే,
నోరెందుకు మూసినవ్?"

పాలకవరు కోసి
నాలుగు దిక్కుల టేపేసి గోడకంటిచ్చింది.
తెల్లారి చూస్తె కవరు లోపట చెమట.
"ఇప్పుడొద్దు" అని చాయ తాగి పోయింది.
నెలకొకసారి వచ్చుడు, కవరు పెట్టుడు, పోవుడు.
శివరాత్రికి కవరు పొడిగ ఊడింది.

"ఈసారి నీళ్ళల్ల కలిసే రంగే తే," అన్నది.
"గోడకు ఊపిరాడాలె."

స్టేషన్ రోడ్డు దుకాణంల
మ్యాటా, శాటినా అని అడిగిండు పిలగాడు.
మ్యాటు గోడ వంకరలు దాస్తదట, మరక పట్టుకుంటదట.
శాటిన్ తుడిస్తె పోతదట, వంకరలన్ని ఎల్లబెడ్తదట.
మా చిన్నాడిబిడ్డ, పెద్దాడిబిడ్డ యాదికొచ్చిండ్రు.
ముందరర్రకు శాటినే అన్న,
పొక్కులు చూసినోళ్ళు వంకరలు చూస్తె ఏంది.

షేడు కార్డు మీద
నానిన పెసరపప్పు రంగు పట్టుకున్న,
బయటికి తెచ్చి ఎండల చూసిన,
మా గిరాకులు చీర పట్టుకొని రోడ్డు మీదికి ఉరికినట్టు.
చిన్న డబ్బ తెచ్చి అరచేతంత పూసిన.
తడిమీద పెసర. ఆరినంక ఆవ.
పద్దెనిమిదేండ్ల కండ్లు ఆడ తప్పినయి.
బట్ట ఎన్నడు
ఆరినంక వేరే మాట చెప్పలే నాకు.

రెండు మెట్లు తేల్చి మళ్ళ కలిపిచ్చుకొచ్చిన.

గీకింది. ఉప్పు దులిపింది. కడిగి ఆరబెట్టింది.
పుట్టీ పెట్టి గరుకు కాగితం రుద్దితె
నా ఎంటికెలు కూడ తెల్లబడ్డయి.
ప్రైమర్ మీదికెల్లి ఆ గీత మళ్ళ లేచింది,
సన్నగ, ఏమెరుగనట్టు.
యాకమ్మ తిట్టలే.
మరకలు మింగే ప్రైమర్ వేరే ఉంటదని
నన్నే ఉరికిచ్చింది దుకాణానికి.

రెండు డబ్బలు ఒక్క బకిట్ల పోసి కలిపింది.
ఇది నాకెరుకే,
ఒక తాను ముక్క ఇంకో తానుతోని కలవది.
"నీళ్ళు సూసి పొయ్యి, పులుసు గాదు."
మూలలు బ్రష్షుతోని, నడుమ రోలరుతోని.
"అంచు తడిగున్నప్పుడే పక్కది అందుకోవాలె,
ఆరనిచ్చినవా, కుట్టు కనబడ్తది."
కుట్టు అన్నది సూడుండ్రి,
అప్పుడు నా చేతికచ్చింది పని.

మొదటి కోటు ఆరేదాక
జొన్నరొట్టె, పచ్చిపులుసు.
ఆ నాలుగు గంటలు మేమిద్దరం
గోడ దిక్కు వీపు పెట్టి కూసున్నం.

పొద్దుగూకంగ బ్రష్షులు నల్ల కింద పట్టిన.
గ్యాసునూనె లేదు, వాసన లేదు,
నీళ్ళు తెల్లగయ్యేదాక పిసుకుడే.

డబ్బ అడుగున గిద్దెడు మిగిలింది.
మూత సుత్తెతోని కొట్టి
మీద తారీఖు, షేడు నంబరు రాసి
అదే రంగు జాకిటి ముక్క కట్టిన పిడికి.
ఏడ పెట్టాల్నని యాకమ్మ అడిగింది.

గీత ఏడుండెనో ఇప్పుడు కనబడది.
చెయ్యి మాత్రం మరువలే.
అక్కడ చెయ్యి ఆనిచ్చి
జానలు కొలుసుకుంట పైకి పోయిన.
ఆ డబ్బ
సజ్జ మీద పెట్టిన.