వచ్చిన పని

గేటు దగ్గర రిజిస్టరులో
పేరు: కుముదవల్లి. ఊరు: జీడీ నెల్లూరు.
'వచ్చిన పని' అనే గడిలో
ఇంటర్వ్యూ అని రాయాల్సింది,
తొందరలో ఉద్యోగం అని రాసేసినాను.
కొట్టేయబుద్ధి కాలేదు.

లోపల తొమ్మిది మందిమి, ఆరు కుర్చీలు.
కిటికీ అవతల వరసగా ట్రాక్టర్లు.
తోతాపురి కాయలు ఎండకి ఉడుకుతా
తమ నంబరు కోసం రెండు రాత్రులుగా కాచుకోనున్నాయి.
మాకూ చీటీలిచ్చినారు. నాది ఏడు.

పదకొండన్నారు. రెండున్నరకి పిలిచినారు.

రాత్రంతా వల్లె వేసిందంతా
నాలుక చివర నిలబెట్టుకుని పోయినాను.
గుజ్జులో తీపి ఎంతుండాల, పులుపు ఎంతుండాల,
ఎంత వేడిలో ఎన్ని నిమిషాలు ఉంచితే
డబ్బా ఏడాది దాకా ఉబ్బదు,
ముచ్చిక దగ్గర వాసన చూసి
కాయ ఎన్నాళ్ళకి పండుతుందో చెప్పడం కూడా.
ఇది కాలేజీలో నేర్చింది కాదు.

ముగ్గురు సార్లు.
ఒకాయన బోండా తుంచి చట్నీలో ముంచుతున్నాడు.
ఒకాయన ఫోన్లో ఎవరితోనో రేటు తెంచుతున్నాడు.
మూడో ఆయన నా మార్కుల కాగితం తిరగేసి,
వెనక ఏమీ లేదని చూసుకుని,
"ఎవరు పంపినారమ్మా?" అన్నాడు.

పేపర్లో చూసి వచ్చినాను సార్.
"అది కాదు. ఎవరి తాలూకు?"

మా నాయన తాలూకు, అందామనుకున్నా.
పోయినేడు ఇదే గేటు ముందర
మూడు పగళ్ళు నిలబడి నిలబడి,
సగం లోడు రోడ్డు పక్కన దిబ్బ పోసి
ఖాళీ ట్రాలీతో ఇల్లు చేరిన మనిషి తాలూకు.
అనలేదు.

"నైట్ షిఫ్టుకి ఆడపిల్లలు కుదరరే."
ప్రకటనలో ఆ మాట లేదు సార్.
బోండా ఆయన మొదటిసారి తలెత్తినాడు.
"కబురు చేస్తాంలే."

నాలుగు నిమిషాలు.
తీపి గురించి ఒక్క మాటా అడగలేదు.

మెట్ల మీద ఆరో నంబరు అబ్బాయి,
చేతిలో ఫైలు కూడా లేదు,
"సోమవారం నుంచే మామా" అంటున్నాడు ఫోన్లో.
నన్ను చూసి గొంతు తగ్గించినాడు, పాపం.

గేటు దగ్గర రిజిస్టరు మళ్ళీ నా వైపు తిప్పినారు.
'బయటికి తీసుకుపోయే సరుకు' అని ఇంకో గడి.
ఫైలు ఒకటి, అని రాసినాను.
వాచ్‌మన్ కళ్ళద్దాలు పైకి తోసి
పొద్దున నేను రాసింది చదువుకున్నాడు.
ఏమీ అనలేదు.
అందరి సంచులూ వెదికే మనిషి
నా సంచి మాత్రం వెదకలేదు.

బస్సులో పక్క సీటామె
ఒళ్ళో కొత్తిమీర కట్టలు సర్దుకుంటా
నా వైపు వంగి వాసన పట్టి,
"గుజ్జు ఫేట్రీలో పనా మ్మే?" అనింది.

జుట్టు నిండా, చున్నీ నిండా
మాగిన తోతాపురి.

ఊ, అన్నాను.

"ఎంతిస్తారు?"

ప్రకటనలో ఉన్న అంకె చెప్పినాను.

"పర్లేదే," అనింది.