ఊరికే

మంగళవారం పొద్దున జైలు వ్యాను మా ఇంటి ముందు ఆగింది.
పక్కింటి రాజ్యమ్మ చాటలో బియ్యం చెరగడం ఆపేసింది.
"నన్ను కాదమ్మా, నా ఇంగ్లీషుని తీసకపోతా ఉండారు"
అని నవ్వి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నా.

కావలి కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళు
కర్తరి వాక్యాన్ని కర్మణి చేయడం నేర్పినవాణ్ణి.
పోలీసులు పట్టుకున్నారు; పట్టుకోబడ్డాడు.
చేసినవాడు మాయమయ్యే విద్య అది.
బోర్డు మీద వాణ్ణి ఎన్ని వందలసార్లు చెరిపానో.

చెముడుగుంట.
పేరులోనే చెముడున్న చోట
ఏడు నెలలుగా ముగ్గురు
ఒక్క మాట కోసం చెవులు రిక్కించి ఉన్నారు.
తీర్పు శుక్రవారం.

గోడలకి తడి సున్నం.
కొత్త ఫ్యాను, రెక్కలకి ఇంకా ఊడని ప్లాస్టిక్ కాగితం.
రాయబార కార్యాలయం నుంచి ఒక దొరసాని, ఇద్దరు కుర్రాళ్ళు.
ఆమె గోడకి ఆనుకుంటే
నల్లకోటు మోచేతికి మా సర్కారు
తెల్లగా అంటుకుంది.

ముందు మస్తాన్‌బీ వచ్చింది.
రొయ్యల గుంటల ఉప్పు తాగే బావుల్లోకి దిగుతుంటే
కలెక్టరాఫీసు మెట్ల నిండా ఖాళీ బిందెలు పేర్చిన మనిషి.
ఆరోగ్యం ఎలా ఉందని నా నోటితో వాళ్ళడిగారు.
"వాళ్ళ దేశంలో రొయ్యలు తింటారా, అడగండి సార్."
తింటారన్నారు.
"ఎట్టుంటాయంట?"
దొరసాని పెన్ను ఆగింది.

తర్వాత పెంచలరత్నం, మొన్న మొన్న మీసం దిద్దుకున్న పిల్లాడు.
"మా ఆడామె రొట్టెల పండక్కి పోయింది సార్.
స్వర్ణాల చెరువులో మోకాటిలోతున నిలబడి
కనపడినోళ్ళనల్లా అడిగిందంట.
ఉద్యోగం రొట్టె ఉండాది, పెళ్ళి రొట్టె ఉండాది,
విదేశం రొట్టె గూడా ఉండాది.
విడుదల రొట్టె మాత్రం లేదంట.
విడుదలైనోళ్ళు తేవాల గదా దాన్ని!
ఆకరికి ఆరోగ్యం రొట్టె తెచ్చింది. తిన్నా. బాగుండా."
నేను చెప్పగలిగినంత చెప్పాను.
'ఆహారం: రొట్టె' అని రాసుకున్నాడు కుర్రాడు.

చివరికి మాలకొండయ్య.
మూడుసార్లు శాసనసభ, నాలుగుసార్లు జైలు.
పంచె మడత చెడకుండా కూర్చున్నాడు.

ఎందుకు తెచ్చారు మిమ్మల్ని?
"ఊరికే."
ఇక్కడ ఏం చేస్తుంటారు?
"ఊరికే ఉండా."
లాయరు ఖర్చులు?
"మా మేనల్లుడే. ఊరికే వాదిస్తా ఉండాడు."
వదిలేస్తే ఏం చేస్తారు?
ఫ్యాను రెక్కల కాగితం చప్పుడు కాసేపు విన్నాడు.
"ఊరికే పోతా."

ఒకటే మాట.
కారణం లేదు, పని లేదు, పైసా లేదు.
సూపరింటెండెంటు గడియారం చూసుకుంటూ
నా పెదాలు చూస్తున్నాడు. ఆయనకి తెలుగు వచ్చు.
నాకు భయం వచ్చు.
తీసుకురాబడ్డాడు, అన్నాను ఇంగ్లీషులో.
బాగానే ఉన్నాడు, అన్నాను.
ఖర్చులేం లేవట, అన్నాను.
చివరిదానికి, తర్వాత ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదట, అన్నాను.

దొరసాని నాకు థాంక్స్ చెప్పింది.
మాలకొండయ్య చెప్పలేదు.
ఆయనకి ఇంగ్లీషు వచ్చని
లేచి పోతూ నన్ను చూసిన చూపులో తెలిసింది.

ఓచరు మీద సంతకం. నాలుగు వందల యాభై.
పెన్నా వంతెన మీద వ్యాను నెమ్మదించినప్పుడు,
ఇసుక మధ్య సన్నగా పారే నీళ్ళు చూస్తుంటే
తట్టింది.
ఊరికే పోతా.
లింగసముద్రం దాటినాక ఎర్రమట్టి దోవ,
దోవ చివర ఆయన ఊరు.
హైదరాబాదుకి కాదు, అసెంబ్లీకి కాదు,
ఊరికే.

వ్యాను వెనక్కి తిప్పమని అడగొచ్చు.
డ్రైవరు బీడీ ముట్టించుకున్నాడు. నేను అడగలేదు.

ఇంటికొచ్చేసరికి రాజ్యమ్మ ఇంకా అరుగు మీదే ఉంది.
"ఎందుకు సార్, పిలిచింది?"
నోటి దాకా వచ్చిన మాటని మింగేశాను.
లోపలికి పోతుంటే వెనకనించి అంది:
"అయ్యో, చొక్కా చూసుకోండి సార్,
వీపంతా సున్నం."