ఇతరములు

మిర్గం ఎల్లిన మొదటి ఐతారం.
నేరేడుగొమ్ము దిక్కు, సాగర్ వెనక నీళ్ల ఒడ్డు.
ఎండకు నీళ్లు దూరం జరిగి
బురద పెంకులు పెంకులుగ లేచింది.
రేకుల షెడ్డు కింద మడత కుర్చీ నాది,
మెడల విజిలు, ముంగట రిజిస్టరు,
పేజీలు లేవకుంట దాని మీద అరకిలో తూకపు రాయి.

పద్నాలుగేండ్ల సంది
ఏ పడవ ఏ తరగతో రాసేది నేనే.
చాప లేని పడవకు పందెం లేదు, ఇంజను ఒడ్డు మీదనే ఇప్పాలె.
చెక్క పడవలు: పద్దెనిమిది అడుగుల లోపలివి, మీదివి.
ఫైబరువి వేరే.
థర్మాకోల్ తెప్పలు వేరే.
లారీ ట్యూబులు బడి పిల్లలకు.
ఇగ పుట్టీలు.
పుట్టికి చాప కడితే ఏమైతది?
ముందుకు పోదు, తన సుట్టు తనే తిరుగుతది,
ఒడ్డంత నవ్వుతది.
అయినా పందొమ్మిది వచ్చినయ్.

చాపలు సూడాలె మీరు.
ఎరువు సంచులు కుట్టినోడు ఒకడు.
పోయిన ఎలక్షన్ల ఫ్లెక్సీ కట్టినోడు ఒకడు,
దండం పెడుతున్న పెద్దమనిషికి
గాలొస్తే బుగ్గలు ఉబ్బుతయ్
గాలి పోతే మొకం కిందికి జారుతది.
గుడ్డ చాప ఒక్క నూకతల్లిదే,
తుమ్మచెక్క కషాయంల నానబెట్టి
తమలపాకు నమిలిన నోటి రంగు తేల్చింది.
వైజాగ్ కాలనీ ఆమెది. తండ్రి సముద్రం ఇడిసి వచ్చిన మనిషి.
"అక్కడ గాలొక్కటే బావూ,
ఇక్కడ గుట్టకో గాలి" అంటది.

అప్పుడొచ్చిండు కేతావత్ సక్రు,
దేవరకొండల ఫ్రిజ్జులు బాగుచేసేటోడు,
ట్రాలీ ఆటోల తలుపు లేని ఫ్రిజ్జు ఎల్లకిల పండవెట్టుకొని.
నడుమ ఎదురు బొంగు, దానికి టెంట్‌హౌస్ చారల గుడ్డ.
"రాయి సారూ, నా పేరు."

ఫైబరోళ్లు మా దాంట్ల వద్దన్నరు.
చెక్కోళ్లు నవ్విండ్రు.
పుట్టోళ్లు పాపం దగ్గరికొచ్చి తట్టి సూసి
గుండ్రం లేదు కద అన్నరు.

నా పెన్ను ఆగింది.
మర్రిగూడ బోరు నీళ్లు తాగి పెరిగిన కాళ్లు నావి.
పుట్టికి బద్దను నిప్పు మీద వంచుతరు,
నన్ను నీళ్లల్ల వంచిండ్రు.
పింఛను కాయితం రాసే కిటికీ కాడ
పుట్టుకతోనా, ప్రమాదమా అన్నడు గుమస్తా.
రెండే గడులు.
నీళ్లు, అన్న నేను.
తల ఎత్తకుంటనే రాసుకున్నడు: ఇతరములు.

నేను గూడ అదే రాసిన ముందు.
రాసి, కొట్టేసిన.
స్కేలు పెట్టి కొత్త గీత గీసి
ఫ్రిజ్జు, అని రాసిన. సంఖ్య: ఒకటి.

విజిల్ ఊదిన.
పడమటి గుట్టల మీంచి గాలి దిగింది,
యాభై చాపలు ఒక్కపారి కడుపుతో ఉన్నట్టు నిండినయ్.
ఫ్రిజ్జు ఒక్కటి ఎనకకు పోయింది.
సక్రు కూరగాయల డబ్బతోని నీళ్లు తోడుతుండు,
తాడు గుంజుతుండు, బూతులు తిడుతుండు,
చారల గుడ్డ టపటప కొట్టుకుంటుంది.
పక్క నుంచి పోతు నూకతల్లి అరిసింది:
"బిగించకెహె! వదులు! కొంచెం వదిలి సూడు!"
వదిలిండు.
నేను కుర్చీల నుంచి లేవబోయిన, మర్శిపోయి.

గెలిచినోళ్లు చాపలు మడిచి
చాపల పులుసు తిన్నరు, చేతులు కడిగిండ్రు.
లైట్లు పెట్టే యాళ్లకు వచ్చింది ఫ్రిజ్జు.
తరగతిల ఒక్కటే గనుక మొదటి బహుమతి, స్టీలు బిందె.
దాని మీద గంటసేపు కొట్లాట.
నియమాలు ఎవలు రాసిండ్రని అడిగిండ్రు.
నేనే అన్న.

ఈ యేడు మూడు ఫ్రిజ్జులొచ్చినయ్.
షెడ్డు బయట
వాషింగ్ మిషను డొల్ల నెత్తిన పెట్టుకొని
ఎవరో పిల్ల నిలబడ్డది,
లోపలికి రావాల్నా వద్దా అని.

రాయి పక్కకు జరిపిన.